జెండాకి గాలి కావాలట

పోయినేడు పంద్రాగస్టున మా నూలు మిల్లు ముందు జెండా ముడి విడలేదు. యజమాని నాగేంద్రబాబు గారు తాడు లాగి లాగి, వానలో తడిసి, చివరికి ముడిపడ్డ జెండాకే సెల్యూట్ కొట్టారు. చిలకలూరిపేట హైవే మీద లారీల వాళ్లు ఆగి మరీ చూశారు. ఆ అవమానం ఆయన మర్చిపోలేదు. అందుకే ఈ ఏడు హాల్లో పెట్టుకునే జెండా సెట్టు తెప్పించారు. ఇత్తడి దిమ్మె, నున్నటి టేకు కర్ర, దాని కొసన బంగారు రంగు ములికి, వేలాడే కుచ్చుల తాడు. జెండా మాత్రం పాలిస్టర్. రోజూ లారీల కొద్దీ పత్తి నూలు తీసే మిల్లుకి ఎక్కణ్ణుంచో పార్శిల్లో పాలిస్టర్ జెండా వచ్చింది.

హాలంటే ఆఫీసు పైనున్న ఏసీ హాలు. కిటికీలు తెరవరు. ప్యాకింగ్ ఆడవాళ్లం ఏడాదికోసారి, జెండా పండగకే అందులో అడుగుపెడతాం. చల్లగా ఉంటుంది. దేశభక్తి దానంతటదే వస్తుంది.

ముందురోజు వీడియో తీసే మార్క్ వచ్చి, సెట్టు చూసి పెదవి విరిచాడు.

"జెండా నిద్రపోతున్నట్టుంది సార్. వీడియోలో ఎగరాలి కదండీ. గాలి కావాలి."

గాలి అనగానే నాగేంద్రబాబు గారికి మా షెడ్డు గుర్తొచ్చింది. ఏదైనా ఇవ్వాల్సినప్పుడు గుర్తురాని షెడ్డు, తీసుకోవాల్సినప్పుడు ఠక్కున గుర్తొస్తుంది. రేకుల కింద మేం నూలు కోన్లు అట్టపెట్టెల్లో సర్దుతుంటాం. ఆ మధ్య శాంతి అక్కడే కళ్లు తిరిగి పడిపోయింది. ఆరో నెల కడుపు. మేమంతా పని ఆపి కూర్చుంటే స్టాండు ఫ్యాను ఒకటి వచ్చింది. దాత పేరు ఎర్ర పెయింటుతో రాయించి మరీ ఇచ్చారు.

ఆ ఫ్యానుని ఇప్పుడు ఎత్తుకుపోయారు. నేను ఊరుకోలేక ఆఫీసుకి వెళ్లాను.

"సార్, శాంతి ఒట్టి మనిషి కాదండి. ఫ్యాను లేకపోతే మళ్లీ పడిపోద్దండి."

"దేవకుమారీ, ఈ దేశం కోసం ఎంతమంది ప్రాణాలిచ్చారు? మీరు కాస్త చెమట ఇవ్వలేరా?"

"రేపు ఇచ్చేస్తారాండి?"

"చూద్దాంలే. జెండా ఇక ఇక్కడే ఉంటది కదా. నూలు కొనడానికి వచ్చేపోయే పార్టీలు చూస్తారు. ఎగురుతా ఉంటే బాగుంటది."

అంటే ఇక రాదన్నమాట. ఒళ్లు మండిపోయింది. మెట్లన్నీ తిట్టుకుంటూ దిగాను.

మర్నాడు హాల్లో అందరం నిలబడ్డాం. శాంతి వెనక గోడకి ఆనుకుంది. మార్క్ ఫ్యానుని జెండా వైపు తిప్పి మూడో స్పీడు మీద పెట్టాడు. షెడ్డులో మేం దాన్ని ఒకటి దాటనివ్వం. ఎందుకని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

జాతీయ గీతం మొదలైంది. జెండా రెపరెపలాడింది. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి బాగానే ఉంది. అప్పుడు ఫ్యాను జాలీలో ఇన్నాళ్లూ పేరుకున్న దూది నుసి లేచింది. ముందు జెండా మీద పడి మూడు రంగుల్నీ ఒక్కటి చేసింది. తర్వాత నాగేంద్రబాబు గారి రంగేసిన మీసం మీద వాలింది. గీతం అయ్యేదాకా ఎవరూ కదలకూడదని ఆయనే నోటీసు అంటించారు. కాబట్టి ఫ్యాను కట్టేసేవాడు లేడు. తుమ్ము ఆపుకుని ఆపుకుని ఆయన కళ్లు మిరపపళ్లయ్యాయి. కెమెరా మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

గీతం ఆగీ ఆగకముందే ఆయన తుమ్మారు, దగ్గారు, కుర్చీలో కూలబడ్డారు.

"ఏంటీ దరిద్రం? ఇది మనుషులు పీల్చే గాలేనా?"

శాంతి పొట్ట మీద చెయ్యేసుకుని మెల్లగా అంది.

"మేం రోజూ పీల్చేది ఇదేనండి."

ఆయన శాంతి వంక చూశారు. పొట్ట వంక చూశారు. ఏదైనా మంచి మాట అంటారేమోనని ఆశపడ్డాను. జేబురుమాలుతో మీసం దులుపుకుని, "ముందు దాన్ని ఇక్కణ్ణుంచి తీసెయ్యండి" అన్నారు.

ఫ్యానునా, శాంతినా అని నేను అడగలేదు. ఇద్దర్నీ తీసుకుని కిందికి వచ్చేశాను. జాలీ శుభ్రంగా తుడిచి, శాంతికి ఎదురుగా పెట్టి తిప్పాం.

వచ్చే ఏడుకి లోపల తీగ కుట్టిన జెండా తెప్పిస్తారట. గాలి లేకపోయినా ఎగురుతున్నట్టే ఉంటుందట. తెప్పించుకోనివ్వండి. దానికి ఊపిరాడకపోయినా ఏం కాదు. శాంతికి ఆడాలి, లోపలున్న బిడ్డకీ ఆడాలి.