కమ్మకు పెట్టిన కొలత

స్టూడియో తెరవగానే టేపాయన చేసే మొదటి పని కుర్చీ తుడవడం, రెండో పని కెమెరా నుంచి కుర్చీ దాకా టేపుతో కొలవడం. పాస్‌పోర్టు ఫొటోకి ఆ కొలతతో పనే లేదు, కొత్త కెమెరా అన్నీ తనే చూసుకుంటుంది. అయినా చేతికి పట్టిన అలవాటు. సినిమా యూనిట్లో మొదట కేబుళ్ళు చుట్టాడు, తర్వాత క్లాప్ కొట్టాడు, ఎనిమిదేళ్ళు ఫోకస్ చూశాడు, నాలుగు సినిమాలకు కెమెరామన్‌గా చేశాడు. వాటిలో రెండే విడుదలయ్యాయి. మిగతా రెండింటి సంగతి ఎవరైనా అడిగితే తుడిచిన కుర్చీనే మళ్ళీ తుడిచేవాడు. ఆ తర్వాత పెళ్ళి వీడియోలు, చివరికి ఈ గది.

ఫోకస్ చూడడమంటే లెన్స్ నుంచి మనిషి కంటికి ఎంత దూరమో టేపుతో కొలిచి, ఆ అంకెకు రింగు తిప్పడం. కంటికే కొలవాలి. పెళ్ళైన కొత్తలో భార్యను సరదాగా ఒక షాట్ తీస్తూ టేపు కొసను ఆవిడ చెవికమ్మకు పెట్టాడు. కమ్మ తళుక్కుమంది, చెయ్యి అటే పోయింది. అప్పటినుంచీ ఆవిడ మసకబారిపోయింది. కమ్మలు మాత్రం సూదిమొనల్లా స్పష్టం. బస్సులో జనం కమ్మల్ని చూసి జరిగి చోటిచ్చేవారు. పక్కింటావిడ "కమ్మలక్కా" అని పిలిచేది.

ఎవరడిగినా ఆయన, "షాట్లో కదిలింది" అనేవాడు. ఆవిడ రెండుమూడుసార్లు కాదని చెప్పి చూసి, ఊరుకుంది. అలా ముప్పై ఏళ్ళు గడిచాయి.

ఈ ఏడు ఆవిడ గొంతులో గడ్డ తగిలింది. డాక్టరమ్మ తడిమి చూసింది, లైటు దగ్గరికి లాక్కుంది, కళ్ళద్దాలు తుడుచుకుంది. స్కాన్‌లోనూ మసకే.

"అంచు కనబడ్డం లేదండీ. పక్కనే పెద్ద రక్తనాళం. తెలియకుండా కత్తి పెట్టలేను. మీరు తీసిన షాటేనటగా, మీరే సరిచేసి తీసుకురండి. సోమవారం దాటితే నేనూ ఏం చెయ్యలేను."

ఏ కెమెరా చెదరగొడితే ఆ కెమెరాయే సర్దాలి. మంచం కింది పెట్టెలోంచి దాన్ని తీశాడు. డబ్బాలో ఒక్క షాటుకు సరిపడా ఫిల్ము మిగిలింది. ఆవిణ్ణి కిటికీ ఎదురుగా కూర్చోబెట్టి, కన్నూ గొంతూ ఒకే దూరానికి వచ్చేలా తల వెనక్కి వాల్చమన్నాడు. టేపు కొస ఆవిడ చేతికిచ్చాడు.

"ఎక్కడ పెట్టుకోమంటారు?" అంది.

"కంటి దగ్గర."

"ఆ రోజు ఎక్కడ పెట్టారు?"

ఆయన రింగు మీద అంకెలు చదువుతున్నట్టు వంగాడు.

"కమ్మకి," అన్నాడు.

ఆవిడ కొసను కంటి దగ్గర పట్టుకుంది. కెమెరా పదకొండు సెకన్లు తిరిగి, ఫిల్ము అయిపోయి టపటపలాడింది. కమ్మలు మెల్లగా మసకబారాయి. ముఖం తేలింది. కళ్ళకింద నలుపు, నుదుటిమీద గీతలు, ఆయన చూడకుండానే వచ్చేసిన ముసలితనం. ఆ ముఖంలో సంతోషం లేదు.

సోమవారం డాక్టరమ్మ గడ్డ చుట్టూ నీలం సిరాతో గీత గీసింది. బఠాణీ అంత ఉంది, నాళానికి వెంట్రుకవాసి దూరంలో. తీసేసింది.

మూడోరోజుకు ఆసుపత్రి గదిలో ఆవిడకు గొంతు పెగిలింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని చెవి ఒగ్గాడు.

"చూశారుగా," అంది ఆవిడ. "నేను కదల్లేదు."

ఆయన చెయ్యి జేబులోని గుడ్డ కోసం వెళ్ళింది. తుడుద్దామంటే, గదిలో ఉన్న ఒక్క కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు.