రాళ్లకుప్పలో పునుగుపిల్లి

జైతూన్ బీ కోడిపెట్ట రాత్రి మాయమైంది. తమ చెరకు చేను గట్టున రాళ్లకుప్పలో ఉండే పునుగుపిల్లే తిన్నదని, పొగపెట్టి చంపడానికి ఆమె భర్త ఫకీర్ మియా పొద్దున్నే ఎండుటాకుల మోపుతో వచ్చాడు.

"ఇయ్యాల దాన్ని ఇడువ, వీరప్పా" అన్నాడు పక్క చేలో ఉన్న నాతో.

పునుగు ఎప్పుడూ ఒకేచోట పెంట వేస్తుంది. కుప్ప పక్కన పాతదీ కొత్తదీ ఉంటే పుల్లతో విరిచాను. ఎలుక వెంట్రుకలు, మిడత కాళ్లు, రేగు గింజలు కనిపించాయి. ఈక ఒక్కటీ లేదు.

"నువ్వు దాని వకీలువా ఏంది?"

"నీ చెరకు మొదళ్లు కొరికేది ఎలుకలే గద. వాటిని తినేది ఇదే."

ఫకీర్ మియా పునుగు ఒళ్లు రాసిన రాయి మీదికి వంగి వాసన చూశాడు.

"మా అబ్బా ఈద్ నాడు పూసుకునే అత్తరు లెక్కనే ఉంది."

"రాత్రి కోళ్ల గూటి తలుపు ఏసినవా? ఊర్ల కుక్కలు తిరుగుతున్నయి."

ఫకీర్ మియా ఇంటి వైపు చూశాడు.

"జైతూన్ ఏయమన్నది. నేనే మరిసిన. ఇగ ఇంటికి పోయి తిట్లు తినాలె."

అగ్గిపెట్టె జేబులో వేసుకుని, మోపు తిరిగి నెత్తికెత్తుకున్నాడు. రాళ్ల సందులో చారల వీపు మెదిలింది. నల్లపట్టీల తోక దాని వెనకే లోపలికి పోయింది.