నీళ్ళు దాటించి రమ్మన్నారు

ఆ పొద్దున్న ఆకాశం రెండు వైపులా ఎర్రబడింది. తూర్పున ఉన్నది పొద్దు ఎరుపు. పడమటన, స్టీలు ప్లాంటు మీద ఉన్నది కొలుముల ఎరుపు. రెంటి మధ్యా గాజువాక మీద మాఘమాసపు మంచు పట్టి, ఎదురింటి డాబా కూడా కనిపించడం లేదు. వరహాలు పెరట్లో నిలబడి గోనెసంచి దులుపుతోంది. అడుగున మిగిలిన నూకలు రాలితే పిచ్చుకలు దిగాయి. కుక్క వాటిని తరమలేదు. సంచినే చూస్తూ కూర్చుంది.

"కుక్క కళ్ళకి గుడ్డ కట్టడం మరిసిపోకే," అంది అత్త తాయారు, గుమ్మంలో పళ్ళు తోముకుంటూ. "తోవ సూసిందంటే మళ్ళీ వచ్చెత్తాది. ఏరు దాటించాల. దాటించి అన్నం పెట్టు. అది తింటన్నప్పుడు వచ్చీ. ఎనక్కి తిరిగి సూడకు."

అంతకు ముందువారం మొగుడు అర్జునరావు దాన్ని స్కూటరు మీద సబ్బవరం దాకా తీసుకెళ్ళి వదిలేసి వచ్చాడు. మూడో రోజు సాయంత్రానికి అది గేటు ముందు పడుకుని ఉంది, అరికాళ్ళు పగిలి. నీళ్ళు దాటించకపోవడమే తప్పని అత్త తేల్చింది. పిల్లినైనా కుక్కనైనా నీళ్ళు దాటిస్తే తోవ మరిచిపోతుందని వరహాలు పుట్టిల్లున్న పద్మనాభంలో కూడా అనేవారు. అందుకని ఈసారి భీమిలి. అక్కడ గోస్తని సముద్రంలో కలిసేచోట పడవ మీద దాటవచ్చు.

"నాకు రేపు పొద్దున్న 'ఏ' షిఫ్టు. నువ్వెళ్ళు," అన్నాడు అర్జునరావు ముందురోజు రాత్రి. "ఇంట్లో నీకేటి పని, ఖాళీయే కదా."

ఖాళీ. మూడున్నరకి లేచింది. అతనికి క్యారేజీ కట్టి పంపింది. కుళాయి దగ్గర తొమ్మిది బిందెలు పట్టింది. అత్తకి ఇడ్లీ వేసింది, అంట్లు తోమింది, గుడ్డలు నానబెట్టింది. పిల్లలు లేని ఇల్లు కాబట్టి పని లేని ఇల్లని అందరి లెక్క. పదిహేడేళ్ళుగా ఆ మాట ఎవరు అన్నా ఆమె చేతిలో ఏదో ఒక పని ఉండేది. అన్నవాళ్ళ చేతులే ఖాళీగా ఉండేవి.

కుక్కని తెచ్చింది కూడా అర్జునరావే. బదిలీ అయిపోతున్న ఆఫీసరు ఒకాయన వదిలించుకుంటుంటే ఆరేళ్ళ కిందట స్కూటరు ముందు నిలబెట్టుకుని తెచ్చాడు. సగం సీమకుక్క, సగం ఊరకుక్క. పేరు టైగర్. వారం రోజులు వీధివాళ్ళకి చూపించాడు. ఆ తర్వాత దాని తిండి, స్నానం, పేలు, దొడ్డికి తిప్పడం, అన్నీ వరహాలువి అయ్యాయి. "గొడ్డుదానికి కుక్కే పిల్ల," అంది తాయారు. వరహాలు దాన్ని పిల్ల అనుకోలేదు. కుక్క అనే అనుకుంది. కానీ దాన్ని తిప్పడానికి పొద్దున్నే గొలుసు పట్టుకుని గేటు దాటిన మొదటిరోజు ఆమెకి ఒక సంగతి తెలిసింది. ఎక్కడికి అని ఎవరూ అడగలేదు. పాలకి వెళ్తే అడిగారు, గుడికి వెళ్తే అడిగారు, చెల్లెలికి ఉత్తరం పోస్టు చేయడానికి వెళ్తే సందు చివర దాకా చూశారు. కుక్క ఉంటే చాలు, ఆమె కుక్కని తిప్పే మనిషి. మొదట సందు చివరికి, తర్వాత రైలు పట్టాల దాకా, ఏడాది తిరిగేసరికి కొండ కిందికి. అర్జునరావుకి రాత్రి షిఫ్టు ఉన్న వారాల్లో ఇంకొంచెం పైకి, రాళ్ళ మీదికి. అక్కడికెళ్ళి నిలబడితే పోర్టు క్రేన్లు, వాటి వెనక నీళ్ళు, నీళ్ళ మీద సరుకు దింపడానికి వంతు కోసం ఆగిన ఓడలు కనిపించేవి. ఆమె ఏమీ ఆలోచించేది కాదు. ఊపిరి తీసుకునేది, అంతే. కుక్క తుప్పలన్నీ వాసన చూసి వచ్చేదాకా ఆ ముప్పావుగంట ఎవరికీ చెందేది కాదు. మిగిలిన రోజంతా దాని మీద బతికేది.

పది రోజుల కిందట క్యారేజీలో పులుసు కారి చొక్కా పాడయిందని అర్జునరావు చెయ్యెత్తాడు. ఎత్తడం కొత్త కాదు. కుక్క కరవలేదు, మొరగనైనా లేదు. లేచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడి పళ్ళు చూపించింది. చెయ్యి అలాగే దిగిపోయింది. "దీనికి పిచ్చెక్కింది," అన్నాడు. మర్నాటికి ఆ మాట వీధంతా తెలుసు. ఎందుకెక్కిందో ఎవరికీ తెలియదు.

కుక్క లేకపోతే రేపు ఏ వంకతో గేటు దాటాలో సంచి మూతి కడుతున్నప్పుడు కూడా ఆమెకి తెలియలేదు. వద్దు అని నోరు తెరిచి చెప్పడం అలవాటు లేదు. చేతులు పని చేసుకుపోయాయి. పాత జాకెట్టు గుడ్డ దాని కళ్ళకి కట్టింది. అది తల వంచి కట్టించుకుంది.

గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్సుకి ఎలాగో వచ్చింది. బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్ళే బస్సులో కండక్టరు సంచి కదలడం చూశాడు.

"ఏటమ్మా అందులో?"

"కుక్క బాబూ."

"కుక్కలకి బస్సు కాదమ్మా. దిగు, దిగు."

వెనక సీటు దగ్గర ఖాళీ బుట్టల మధ్య కూర్చున్న ముసలామె నవ్వింది. "ఓలబ్బో! నా బుట్టల కంపు మోసుకెళ్తన్నావు గాని, అదేటి సేసింది పాపం? లగేజీ టిక్కెట్టు కొట్టీయ్. రా సెల్లీ, నా కాడికి రా."

"కరిస్తే?"

"కరిత్తే నన్నే కరుత్తాది. నా కండ నమిలేసరికి దాని పళ్ళే ఊడతాయి."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి లగేజీ కొట్టాడు. ఆమె పేరు చిట్టమ్మ. ఎండుచేపలు టౌన్లో అమ్ముకుని తిరిగి వెళ్తోంది. వాళ్ళ గుడిసె ఏటికి అవతలి ఒడ్డునే. వరహాలు పక్కన కూర్చుని సంచి మూతి కాస్త సడలించింది. కుక్క తల బయటపెట్టి, కళ్ళకి గంత ఉండగానే, ముక్కు కిటికీ వైపు తిప్పింది. రుషికొండ దాటాక సముద్రం పూర్తిగా విప్పుకుంది. పదిహేడేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఆమె సముద్రాన్ని ఇంత దగ్గరగా ఇంతసేపు చూడలేదు. ఒకసారి కార్తీక పౌర్ణమికి తీసుకొచ్చారు. అప్పుడు వరహాలుని చెప్పులకీ బుట్టలకీ కాపలా కూర్చోబెట్టారు. ఇప్పుడు ఆ సముద్రం బస్సుతో పాటు పరిగెడుతూనే ఉంది. చూస్తూనే సంచి మూతి మీద చెయ్యి వేసింది. ఈ దారిన తిరిగి వచ్చేటప్పుడు ఒళ్ళో ఖాళీ సంచి ఉంటుంది.

"ఎక్కడికి తీసుకెళ్తన్నావ్?" అంది చిట్టమ్మ.

"ఏరు దాటించి వదిలీడానికి."

చిట్టమ్మ కుక్క చెవి పట్టుకుని చూసింది, వదిలింది.

భీమిలిలో దిగి ఇసకలో నడిచారు. పడవ ఎల్లాజీది. గెడతో తోస్తూ ఏ ఊరని వరహాలుని అడిగాడు, గాజువాక అంది. అవతలి ఒడ్డున ఎండుచేపల పందిళ్ళు, నాలుగు తాటాకు గుడిసెలు; చిట్టమ్మ తన గుడిసెలోకి వెళ్ళింది. పందిళ్ళు దాటి కొంతదూరం వెళ్ళి వరహాలు సంచి విప్పింది, గంత విప్పింది. కుక్క ఒళ్ళు దులుపుకుని ఒక్కసారిగా పరుగు తీసింది. తడి ఇసక మీద గుండ్రంగా తిరిగి వచ్చి ఆమె చీర కుచ్చెళ్ళు లాగి మళ్ళీ పరిగెత్తింది. ఎండ్రకాయల్ని తరిమింది. అలకి భయపడి వెనక్కి గెంతింది. అది ఇంత హద్దు లేకుండా పరిగెత్తడం ఆమె ఎప్పుడూ చూడలేదు. చెప్పులు విడిచింది. నాలుగడుగులు దాని వెంట తనూ పరిగెత్తింది. ఆయాసం వచ్చి ఆగేసరికి తను నవ్వుతున్నట్టు తెలిసింది. వెంటనే చుట్టూ చూసింది. అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

ఆకు మీద అన్నం పెట్టింది. కుక్క తల వంచి తింటుంటే లేచింది. అప్పగింతల రోజున అమ్మ కూడా ఎనక్కి తిరిగి సూడకమ్మా అంది. అప్పుడూ ఇలాగే కాళ్ళు బరువెక్కాయి, అప్పుడూ నడిచింది. మరో నలుగురు ఎక్కిన పడవలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎల్లాజీ తోశాడు.

సగం ఏటిలో ఎల్లాజీయే అన్నాడు. "అమ్మో, నీ కుక్క నీటిలో పడిందే!"

ఆమె బిగుసుకుని ఇవతలి ఒడ్డునే చూస్తోంది.

"సంద్రం పాటు మీదుంది. నీరు లోనికి లాగేత్తంది. సంద్రంలోకి పోతాది!"

తిరిగి చూసింది. తల ఒక్కటే కనిపిస్తోంది. అది పడవ వైపే ఈదుతోంది, నీళ్ళు దాన్ని సముద్రం వైపు ఈడుస్తున్నాయి. దాని కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. "ఆపు! బాబూ, ఆపు!" ఆ కేక తనదేనా అనిపించింది. ఆమె గొంతు అంత పెద్దగా ఎప్పుడూ లేవలేదు. ఎల్లాజీ పడవ అడ్డం తిప్పాడు. ఆమె నడుం దాకా బయటికి వంగి మెడ పట్టుకుంది. పడవ ఒరిగింది, మిగిలినవాళ్ళు తిట్టారు. కుక్క ఆమె ఒళ్ళో పడి ఉప్పునీళ్ళు కక్కింది.

"ఇప్పుడేటి, ఎనక్కా ముందుకా?" అన్నాడు ఎల్లాజీ.

ముందుకి వెళ్తే భీమిలి, బస్సు, గాజువాక. కుక్కతో గేటు తీస్తే అర్జునరావు ఏం చేస్తాడో తెలుసు. ఈసారి సంచి అక్కర్లేదు, రోకలి చాలంటాడు. కుక్క లేకుండా తీస్తే రేపు మూడున్నర, ఎల్లుండి మూడున్నర, ఆ తర్వాత ప్రతి మూడున్నరా వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్యలో ఆ ముప్పావుగంట లేదు.

"ఎనక్కే," అంది. "తాడుంటే ఇయ్యి బాబూ. కట్టేసొత్తాను."

వరహాలు కుక్కని చిట్టమ్మవాళ్ళ పందిరి గుంజకి కట్టింది. తడి తాడు ముడి రెండుసార్లు జారిపోయింది. మూడోసారి బిగించింది. కుక్క తాడుని చూసింది, ఆమెని చూసింది, పడుకుంది.

చిట్టమ్మ గుడిసెలోంచి వచ్చింది. "కట్టేసి ఎల్లిపోతావా?"

"నాకు దారి నేదప్పా. నువ్వు నాల్రోజులు తిండి పెడితే అలవాటైపోద్ది."

"నీకు అలవాటైపోనాదా?"

వరహాలు కుక్క మెడ మీద తడి తుడిచింది.

"తిండికేటి, పెడతాను. కట్టేసిన కుక్క అరుత్తాది. నువ్వెళ్ళిపోతావు, ఆ అరుపు నాను వినాల." చిట్టమ్మ పందిరి మీద నెత్తళ్ళనే చిన్న చేపల్ని తిరగేస్తూనే మాట్లాడుతోంది. "అదేటి తప్పు సేసింది?"

"నన్ను కొట్టబోతే అడ్డమొచ్చింది."

అన్నాక తనే ఉలిక్కిపడింది. పదిహేడేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. అమ్మతో కూడా జారిపడ్డాననే చెప్పేది. చిట్టమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ చేపలు తిరగేసింది.

"ఊఁ. మరి దాన్ని ఇక్కడొగ్గీసి, నువ్వక్కడేటి సేత్తావ్?"

ఆమె జవాబు వెతికింది. వంట, అంట్లు, నీళ్ళు, గుడ్డలు దొరికాయి. ఇంకొకటి దొరకలేదు. తడిసిన చీర ఒంటికి అంటుకుని చలిగా ఉంది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. పద్మనాభం వెళ్తే అన్నయ్య రెండో రోజునే బస్సెక్కిస్తాడు. కిందటిసారి అదే జరిగింది. చేతిలో ఉన్నదల్లా ఒక గోనెసంచి.

"తెల్లారితే వలలొత్తాయి," అంది చిట్టమ్మ, ఎవరితోనో అన్నట్టు. "నెత్తళ్ళు ఎండెయ్యడానికి మనిసి నేదు. నా కోడలు ఎల్లిపోయినకాడి నుంచి కాకులే సగం తినేత్తన్నాయి. నడుం ఒంచాల, కంపు ఓర్సుకోవాల. కూలీ ఎక్కువుండదు."

"మాది వ్యవసాయం. చేపలు ఎప్పుడూ ఎండెయ్యలేదు."

"ఒడ్లు ఎండేసినావు కదా. ఇవీ అంతే. ఒడ్లని పిల్లి ఎత్తుకుపోదు, అదే తేడా."

పొద్దు వాలుతోంది. చిట్టమ్మ రెండు అల్యూమినియం పళ్ళాల్లో అన్నం పెట్టి నెత్తళ్ళ పులుసు పోసింది. కొబ్బరిచిప్పలో కొంచెం కలిపి కుక్క ముందు పెట్టింది. వరహాలు గుంజ దగ్గరే కూర్చుంది. వేడి అన్నం. పదిహేడేళ్ళలో ఆమె పళ్ళెంలోకి ఎప్పుడూ అందరూ తిన్నాక అడుగున మిగిలిన చల్లారిన అన్నమే వచ్చింది. మొదటి ముద్ద నాలుక కాల్చింది. ఊదుకుని రెండోది తింది.

రేవులోంచి ఎల్లాజీ కేక వేశాడు. "ఆఖరి పడవమ్మో! ఎవులైనా ఉంటే రండి!"

చిట్టమ్మ తల ఎత్తి చూసింది, మళ్ళీ పళ్ళెంలోకి వంగింది. వరహాలు ఎడమచేత్తో కుక్క మెడ దగ్గర తడిమి ముడి విప్పింది. కుక్క కదల్లేదు. చిప్ప నాకుతోంది.

"ఓ గాజువాకమ్మా! పడవెల్లిపోతాది!"

చిట్టమ్మ అన్నం గిన్నె మధ్యలోకి జరిపింది. వరహాలు గరిటె తీసుకుని తన పళ్ళెంలో ఇంకొంచెం పెట్టుకుంది.