గడియారం చూడరాని సాక్షి

జీపు ఎక్కేముందు కళ్లజోడు తీసి కండువా అంచుతో తుడుచుకోవడం బాలనర్సయ్య వకీలుకు అలవాటు. ఆ పోలింగు పొద్దున కూడా అదే చేశాడు. బట్టతల, వంగిన భుజాలు, మండుటెండలోనూ మెడ దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా. ఢిల్లీ దాకా పోయొచ్చిన మనిషంటే ఎవరూ నమ్మరు.

జుట్టు నెరిసేదాకా ఖూనీ కేసులు వాదించి, వకాలతు మానేశాక ఏదో గాలివాటంగా ఎంపీ అయ్యాడు. పార్లమెంటులో నోరు విప్పింది ఒకే ఒక్కసారి, సిద్దిపేటకు రైలు ఎప్పుడొస్తుందని. పరిశీలిస్తామన్నారు. ఈయన కూర్చున్నాడు. సభ రద్దయితే ఇంటికొచ్చి, ఇప్పుడు మళ్లీ నిలబడ్డాడు.

జీపు వెనక సీట్లో దుబ్బయ్య, కాళ్ల మధ్య గొడ్డలి. అతన్ని ఉరికంబం నుంచి తప్పించింది ఈ వకీలే. తన మొగుణ్ని దుబ్బయ్య నరుకుతుంటే కళ్లారా చూసిన పోశమ్మను బోనులో నిలబెట్టి, "గా గోడ గడియారంల టైమెంతయింది చెప్పు" అన్నాడు. ఆమె చెప్పలేకపోయింది. చూపు ఆనదనుకుని జడ్జి కేసు కొట్టేశాడు. పాపం, పోశమ్మ చూపుకేమీ లోటు లేదు, గడియారం చూడటమే రాదు. ఆ సంగతి వకీలుకు తెలుసు. తెలిసే ఆ ఎత్తు వేసి, ఏళ్లపాటు మురిసిపోయాడు.

తొగుట దారిలో ఒక పల్లె. దుబ్బయ్య మనుషులు బడిలోంచి బ్యాలెట్ పెట్టె ఎత్తుకొస్తుంటే ఎదుటి పార్టీ ఏజెంటు అడ్డం పడ్డాడు. పోశమ్మ కొడుకు, భూపతి.

"పెట్టె కింద వెట్టున్రి" అన్నాడు.

దుబ్బయ్య గొడ్డలి మొదట భుజం మీద పడింది. రెండో వేటు మెడ మీద. వరుసలోని జనం చెప్పులు వదిలి పరుగెత్తారు. జీపు దిగి పక్కనే నిలబడ్డ వకీలు కళ్లజోడు మీద నెత్తురు చింది, లోకమంతా ఎర్రగా మసకబారింది.

హెడ్ కానిస్టేబులు తాపీగా వచ్చాడు. "ఎవరు చూసిన్రు?"

గొడ్డలి ఇంకా దుబ్బయ్య చేతిలోనే ఉంది. ఓటు వరుసలోంచి పరుగెత్తుకొచ్చి కొడుకు తల ఒళ్లో పెట్టుకున్న పోశమ్మ వకీలు వైపు తిరిగింది.

"నేను జూసిన్నంటె నమ్మరు గద. నువ్వు జెప్పు సారు. నీకు గడియారం చూసుడొస్తది."

దుబ్బయ్య నవ్వాడు. "సారు ఏం జూడలే. ఆయనకు కండ్లు ఆనయ్."

బాలనర్సయ్యకు సిగ్గేసింది, ఒళ్లంతా కాలిపోయేంత సిగ్గు. అవునని తలూపితే చాలు, ప్రాణమూ దక్కుతుంది, ఢిల్లీ కూడా దక్కుతుంది. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"నేను చూసిన. దుబ్బయ్యే నరికిండు. రాసుకో."

కోర్టులో కూడా ఆయన అంత గట్టిగా ఎన్నడూ పలకలేదు.

గొడ్డలి లేచింది. కానిస్టేబులు లాఠీ పారేసి పరుగెత్తాడు. వకీలు అరవలేదు, అలిసిపోయి కూర్చున్నట్టుగా బడి అరుగుకు ఒరిగిపోయాడు. దుబ్బయ్య ఆయన జీపులోనే వెళ్లిపోయాడు.

పోశమ్మ లేచి, ఆయన్ను కూడా కొడుకు పక్కన సరిగా పడుకోబెట్టింది. దుమ్ములో పడ్డ కళ్లజోడు ఏరి, కొంగుతో తుడిచి, అరుగు మీద పెట్టింది. అద్దాలకు గీత కూడా పడలేదు.