బియ్యం మీద పెరిగిన బూజు

ఎండుటాకు మీద దొరికిన బూజు అది. దాని రసం మలేరియా క్రిముల్ని రెండు రోజుల్లో తుడిచిపెట్టేసింది. అవి బతికే ఎర్ర రక్తకణాలకు మాత్రం ఏమీ కాలేదు. పరీక్షలు చేసే ఆవిడ మూడుసార్లు చూసింది. మూడుసార్లూ అంతే.

"బూజుని మళ్ళీ పెంచండి, తొందరగా. కొత్త రసంతో చూద్దాం," అంది ల్యాబు పెద్దావిడ.

బూజులు పెంచే అతన్ని అందరూ మౌనస్వామి అనేవారు. పది రోజుల్లోనే కొత్త సీసా తెచ్చి, పరీక్షలు చేసే ఆవిడ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రసానికి ఒక్క క్రిమి కూడా చావలేదు.

పెద్దావిడ ఆమె వంక అదోలా చూసింది. "మొదటిసారి క్రిముల్ని లెక్కపెట్టింది మీరొక్కరేనా?"

ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. తన లెక్క తప్పు కాదు. మరి తప్పెక్కడ? కిందటేడు అచ్చయిన వ్యాసంలో తన పేరుంది, అతని పేరు లేదు. ఆ కడుపుమంట ఇప్పుడు తీర్చుకుంటున్నాడా?

ఇంట్లో అక్క అంది: "సీసా మార్చేశాడంటావా?"

"అనట్లేదే. అనిపిస్తోంది."

"అయితే అడుగు."

అడగలేకపోయింది. మర్నాడు అతను భోజనానికి వెళ్ళగానే అతని నోట్‌బుక్ తెరిచింది. మొదటి రసం: బియ్యం మీద, ఇరవై ఒక్క రోజులు. రెండోది: ద్రవంలో, వారం. పక్కనే, 'తొందరగా కావాలన్నారు.'

"దొరికిందా అండీ?"

గుమ్మంలో అతను. ఆమె తలెత్తింది. అబద్ధం ఆడబోయి మానుకుంది.

"మీరు సీసా మార్చారనుకున్నాను."

"మీరు అంకెలు మార్చారని నేననుకున్నాను," అన్నాడతను. "వారం నుంచి మీ చెత్తబుట్టలో కాగితాలు ఏరి చదువుతున్నాను."

ఆమెకు కోపం రావాలి. నవ్వొచ్చింది. అతను మాత్రం నవ్వలేదు.

ఆమె ఆ పేజీ మీద వేలు పెట్టి చూపించింది. "మళ్ళీ బియ్యం మీద పెంచుతారా?"

ఈసారి పూర్తిగా ఇరవై ఒక్క రోజులు ఆగారు. పరీక్షయ్యాక ఒకే స్లైడును ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి, అంకెలు రాసిన కాగితాలు మడిచి పెద్దావిడకిచ్చారు. రెండింట్లోనూ బతికున్న క్రిములు సున్నా. ద్రవంలో బూజు ఏపుగానే పెరిగింది కానీ, ఆ మందు పదార్థాన్ని మాత్రం తయారు చెయ్యలేదు.

"ఈ పదార్థం ఇదివరకే తెలిసిన విషమేమో కూడా చూడాలి," అంది పెద్దావిడ.

"చూడండి," అన్నారిద్దరూ ఒకేసారి.

స్నేహం కుదిరిందని కాదు. అప్పట్నుంచి ఏ స్లైడునీ ఒక్కరే లెక్కపెట్టలేదు, అంతే.