సూది పట్టే చెయ్యి

ఆక్సిజన్ సిలిండరును కొంచెం వంచి, అడుగు అంచు మీద దొర్లిస్తూ ఫూల్‌సింగ్ ఆడవాళ్ల వార్డు చేరేసరికి పొద్దున ఏడు కావస్తోంది. బాన్సువాడలోని ఆ దవాఖానలో పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. సిలిండరు నిండుదో ఖాళీదో పానాతో ఒక్కసారి తట్టి చెప్పేస్తాడు. బరువులు మోసి మోసి ఎడమ భుజం కుడిదానికంటే రెండు వేళ్లు కిందికి జారింది. అరచేతులు చెప్పు అడుగులా గట్టిపడ్డాయి. పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకున్నా వేడి తెలియదు.

ఈ రోజు మాత్రం మర రెండుసార్లు తప్పి, మూడోసారికి గానీ బిగియలేదు.

కారణం చొక్కా జేబులో ఉంది. బస్టాండులో ఎవరో పంచిన కాగితం. నిన్న వనిత చదివి వినిపించింది. ఏడాదిలో నర్సు, ఉద్యోగం గ్యారంటీ అని ఉందట. వనిత అతనికి ఒక్కతే కూతురు. ఇంటర్ పాసైంది. ప్రవేశ పరీక్షలో ర్యాంకూ వచ్చింది. నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీకి కాలేజీలు ఎంచుకుని కంప్యూటర్లో పెట్టాలి, ఈ సాయంత్రం ఐదింటి వరకే గడువు. పెట్టనని కూర్చుంది.

"నాలుగేండ్లు ఏంది బాపు? గప్పటిదాక నువ్వు గీ సిలిండర్లు దొర్లిస్తనే ఉంటవా? గిదైతే ఏడాదిల అయిపోతది."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వద్దనాలంటే పదకొండేళ్లుగా నోరు విప్పని సంగతి చెప్పాలి.

అప్పుడు వనితకు ఏడేళ్లు. భార్య హీరాబాయికి జ్వరం వస్తే తండా నుంచి తీసుకొచ్చి, దవాఖానలో మంచం దొరక్క, దగ్గర్లోని ఒక చిన్న క్లినిక్‌లో పడుకోబెట్టాడు. డాక్టరు భోజనానికి వెళ్లాడు. తెల్లకోటు వేసుకున్న పిల్ల ఒకతె వచ్చింది, పద్దెనిమిదేళ్లుంటాయేమో. సీసా మీది పేరు రెండుసార్లు చదువుకుంది. సూది గుచ్చుతుంటే ఆమె చెయ్యి వణకడం అతను చూశాడు. కాసేపటికే హీరాబాయికి ఊపిరి అందలేదు. ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "నాకు గిది నేర్పలే అన్నా," అంటూ ఏడ్చింది. ఆమె చదివింది ఏడాది కోర్సు అని తర్వాత తెలిసింది. తండాలో అమ్మను యాడి అంటారు. యాడి జ్వరంతో పోయిందనే వనితకు చెప్పాడు.

మధ్యాహ్నం మూడింటికి వార్డు కాస్త సద్దుమణిగాక, స్టాఫ్ నర్సు లత దగ్గరికి వెళ్లి కాగితం చాపాడు. "సిస్టరమ్మా, గిది జర చూడు."

లత రెండువైపులా తిప్పి చూసింది. "నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదని ఎక్కడ రాయలే ఫూల్‌సింగన్న. గిది చదివితే నర్సుగ రిజిస్టర్ చెయ్యరు. సర్కారు నౌకరీ రాదు. ఏదన్న చిన్న క్లినిక్‌ల పెట్టుకుని సూదులేపిస్తరు."

ఫూల్‌సింగ్ కాగితం వెనక్కి తీసుకున్నాడు. "నాలుగేండ్లు ఏం నేర్పిస్తరమ్మా?"

"సూది వేసుడు నెల రోజులల్ల వస్తది. వేసినంక మనిషికి ఏమన్న అయితే ఏం చెయ్యాల్నో, గది నేర్పిస్తరు."

అతను వరండాలోకి వచ్చి కూతురికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారికి పక్కింటి సోమ్లి ఎత్తి, ఫోన్ ఇంట్లోనే మరిచి వనిత సర్టిఫికెట్లు పట్టుకుని బస్టాండు దగ్గర ఆ ఏడాది కోర్సు వాళ్ల ఆఫీసుకు పోయిందని చెప్పింది. అసలు సర్టిఫికెట్లు ఒకసారి వాళ్ల చేతికిస్తే తిరిగి రావని అతను విన్నాడు. డ్యూటీ డాక్టరుకు చెప్పి, బస్టాండు దాకా ఆగకుండా నడిచాడు. నడక అనుకున్నాడు గానీ, చివరికి పరుగే.

మేడ మీది ఆ ఆఫీసులో ఆడపిల్లలు వరసగా కూర్చున్నారు. వనిత ముందు కుర్చీలో ఉంది, ఫైలు ఒడిలో. అతను పక్కన కూలబడ్డాడు.

"నీ యాడి జ్వరంతోని పోలే బిడ్డా," అన్నాడు.

చిన్న గొంతుతో అంతా చెప్పాడు. లోపలి నుంచి ఎవరో వనిత పేరు పిలిచారు. ఆమె కదల్లేదు.

"గా పిల్ల ఏమైంది బాపు?"

"తెల్వది. నీ అంతనే ఉండె. గామె మీద నాకు కోపం రాలే. నిన్నటి సంది గా చేతులు నీ చేతుల లెక్కనే కనబడుతున్నయ్."

మళ్లీ పేరు పిలిచారు. వనిత ఫైలు ఛాతీకి హత్తుకుని లేచి, మెట్లు దిగింది.

నెట్ సెంటర్‌లో కూర్చునేసరికి నాలుగూ ఇరవై. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. అది ఆగిపోతే మంచిదో తిరిగితే మంచిదో ఫూల్‌సింగ్‌కు తెలియదు. కూతురి ముఖమే చూస్తూ నిలబడ్డాడు. ఐదుకు పది నిమిషాలుందనగా ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"అయింది బాపు."

సీటు సిద్దిపేటలో వచ్చింది. వెళ్లే రోజు పొద్దున్నే వనితను బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, బస్సు మలుపు తిరిగాక డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రం ఇంటికొచ్చి లైటు స్విచ్ కోసం తడుముతుంటే గూట్లో ఏదో నున్నగా తగిలింది. పాస్‌పోర్టు ఫొటోల కాగితం. కాలేజీకి కావలసినవి కత్తిరించుకోగా మిగిలిన రెండింట్లో వనిత, తెల్ల గోడ ముందు, రెప్ప వేయకుండా చూస్తోంది.