ముందు సుడో బావా

ప్రెస్సు యజమాని కంప్యూటర్‌లో అప్‌డేట్ పెడితే డేటు అలాగే ఉంది, ఫేటు మారింది. రంగుల బొమ్మలన్నీ పోయి, నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి. మధ్యాహ్నం పరీక్షకు అచ్చువేయాల్సిన ప్రశ్నపత్రం అందులోనే చిక్కుకుపోయింది. బడి గుమాస్తా ఎదుట కూర్చుని గోడ గడియారాన్నీ ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ సిస్టం ఎక్కించి, అప్‌డేట్ పెట్టమని చెప్పిన బావమరిదికే ఫోన్ కలిపాడు యజమాని.

"నేను చెప్పింది కొట్టు బావా."

"నిన్నే కొట్టాలనుంది," అంటూనే కొట్టాడు. "అనుమతి లేదంటోందిరా. నా కంప్యూటర్‌కి నేను అనుమతివ్వాలి గానీ, నాకది ఇచ్చేదేంటి?"

"ముందు సుడో బావా."

"చూస్తూనే ఉన్నా."

"అది కాదు, ముందు సుడో."

"కళ్ళజోడు కూడా పెట్టుకున్నాను. అయినా చదువుకున్నవాడివి, చూడు అనలేవా? సూడు సూడు అంటావేంటి?"

"అది చూడటం కాదు, టైపు కొట్టడం. ఎస్, యూ, డీ, ఓ. యజమానివి నువ్వేనని దానికి చెప్పడమన్నమాట."

కొట్టాడు. పాస్‌వర్డ్ అడిగింది. ఎంత కొట్టినా తెర మీద చుక్క కూడా పడలేదు.

"కీబోర్డూ పోయిందిరా."

"పోలేదు బావా, పాస్‌వర్డ్ కనపడదంతే. చూడకుండా కొట్టెయ్."

"ఇందాకటి నుంచి సూడు సూడని చంపి, ఇప్పుడు చూడొద్దంటావా?"

పళ్ళు నూరుతూ కొట్టాడు. అక్షరాలు బిలబిలా పరుగెత్తి ఆగాయి, రంగులు తిరిగొచ్చాయి. ప్రింటర్ ప్రశ్నపత్రాన్ని బయటికి తోయగానే గుమాస్తా కుర్చీలో వెనక్కి వాలాడు. యజమాని మాత్రం ఫోన్ వదల్లేదు.

"ఇంకోసారి అప్‌డేట్ పెట్టమన్నావంటే, ఫోన్ నేను చెయ్యను. మీ అక్క చేస్తుంది."